చీపురు పట్టిన రాణి

మా పెదనాన్న వేసిన పాము బొమ్మను చూసి కాకులు పుస్తకాల కొట్టు మీద పడ్డాయంటే మీరు నమ్మరు. మానేయండి. ఆ కాకుల్ని తోలింది నేనే.

ఆయన కత్తులూ మంత్రాలూ ఉండే నవలలకు అట్టబొమ్మలు వేసేవాడు. ఆ చవక పుస్తకాలకు ముందు బొమ్మ, తర్వాతే కథ. ప్రెస్సు ఓనరు బొమ్మను రచయిత ముందు పెట్టి, "ఈవిడ మొసలి మీద ఎందుకెక్కిందో నువ్వే తేల్చు" అనేవాడు. బడి మానేసి అదే ప్రెస్సులో కాగితాలు కోస్తూ అవన్నీ చదివేశాను. పరీక్షలు వాటి మీద పెట్టి ఉంటే ఈపాటికి నేను ప్రొఫెసర్ని.

మొసలి మీదున్నా, మాంత్రికుడి గుహలో ఉన్నా, అట్ట మీది రాణి మా పెద్దమ్మే. ఆయన బొమ్మ వేసుకోవడానికి వంటగదిలో చీపురును కత్తిలా ఎత్తి నిలబడేది.

"చెయ్యి దించకు."

"పాలు పొంగుతున్నాయి మహారాజా! ముందు వాటి పని పట్టి వస్తా."

ఫొటో తీయించుకుందామని ఆమె అంటే పెదనాన్న ఉడుక్కునేవాడు. "నేనుండగా ఫొటో ఏంటే? నా చేతులు పడిపోయాయా?"

చేతులు పడిపోలేదు. పెద్దమ్మే పోయింది. ఆ తర్వాత ఆమె బొమ్మ వేయబోతే ముక్కు దగ్గర కుంచె ఆగిపోయేది. "గుర్తు రావట్లేదురా. ఎలా ఉండేదిరా?" అని నన్నడిగాడు. ఇంత నోరున్నా, మాటలతో అయ్యే పని కాదని ఆమె ఉన్న అట్టబొమ్మల కోసం బయల్దేరాను.

ఊరంతా గాలించాను. అద్దె పుస్తకాల కొట్లలో నవలలున్నాయి. కానీ బొమ్మల కాగితం చింపేసి, పుస్తకం నలక్కుండా దళసరి అట్టలు వేసి కుట్టించుకున్నారు. "కథంతా ఉందిగా, బొమ్మతో ఏం పని?" అన్నాడు ఒక కొట్టతను. అతన్ని ఎత్తి అవతల పారేశానని ఇంట్లో చెప్పాను. నిజానికి బయటికొచ్చి ఏడ్చాను.

అసలు బొమ్మలూ లేవు. ఓనరు పిసినారి. కొత్తది కొనకుండా, అచ్చు కాగానే బొమ్మ వేసిన చెక్కపలకనే వెనక్కి పంపేవాడు. పెదనాన్న దానికి తెల్లరంగు పూసి, ఆరాక మరో రాణిని వేసేవాడు. ఏళ్ల తరబడి అదే పలక. చివరిసారి మాత్రం రంగు లేక సున్నం పూసి గోడకు ఆనించాడు.

"అయితే పెద్దమ్మ ఇందులోనే ఉందిగా!" అన్నాను.

తడిగుడ్డతో రుద్దాం. సున్నం కరిగి ముందు కత్తి బయటపడింది, తర్వాత ముక్కు. పెద్దమ్మ జబ్బుపడ్డ రోజుల్లో వేసిన బొమ్మ అది. బుగ్గలు పీక్కుపోయి, మణికట్టు వాలిపోయి ఉంది. రాణికి శాపం తగిలిందని రచయిత దానికో కథ కట్టాడప్పట్లో.

"ఇది వద్దు పెదనాన్నా. దీని కింద మొసలి మీద నవ్వుతూ ఉంటుంది. గోకేద్దాం" అంటూ బ్లేడు తెచ్చాను.

ఆయన బ్లేడు తీసుకుని ఆమె చెంప మీద ఆనించాడు. ఎంతకీ కదపలేదు.

"ఆ రోజు నిలబడలేనందిరా. ముక్కొక్కటే మిగిలింది, ఓర్చుకోమన్నాను."

బ్లేడు నా చేతిలో పెట్టేసి, కుర్చీ లాగి పలకను మెల్లగా దాని మీద కూర్చోబెట్టాడు.

"అయిపోయిందే. ఇంక చెయ్యి దించెయ్యి."