మత్తు లేకుండా

సూర్యాపేటలో నేను స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఆసుపత్రికి ఒక అధ్యయనం వచ్చింది. చిన్నపిల్లలకు ఎమ్మారై తీయాలంటే మామూలుగా మత్తు ఇస్తారు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది మరి. ముందే ఆటలా అలవాటు చేస్తే మత్తు లేకుండా పడుకుంటారా అన్నది తేల్చాలి. పెద్ద నీళ్ల ట్యాంకును రెండు వైపులా కోయించి, లోపల పరుపు వేసి, ఉత్తుత్తి మిషన్ తయారుచేశాను.

మత్తు డాక్టరుగారు చూసి నవ్వారు. "దీంట్ల ఆడుకుంటరు గని, అసలు దాంట్ల పండుకుంటరా?"

లోపల నాకూ అదే అనుమానం.

మొదట వచ్చిన పాపకు ఆరేళ్లు. ఫిట్స్ వస్తున్నాయి, మెదడు స్కాన్ చేయాలి. తల్లి మిర్యాలగూడలో రైసుమిల్లు కూలీ. సంగతి చెప్పగానే పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ప్రయోగమా మేడమ్? మా పిల్ల మీదనే చేస్తరా?"

"అవునమ్మా, అలవాటు చేస్తే పండుకుంటదా అని సూస్తున్నం. ఇష్టం లేకుంటే ఇప్పుడే వద్దని చెప్పు. నడుమల వద్దన్నా సరే. ఎప్పటి లెక్కనే మత్తిచ్చి తీస్తరు."

తల్లి సరేనంది.

స్పీకర్‌లో మిషన్ చప్పుడు పెట్టాను. పాప బెదరనే లేదు. "మన మిల్లే ఇంకా గట్టిగ మోగుతది" అంది. కానీ తలకు పెట్టే పంజరంలాంటి తొడుగు ముఖం మీదికి రాగానే కెవ్వుమంది. మళ్లీ పెట్టబోతే మళ్లీ ఏడుపే. ఇక మత్తే గతి అనుకున్నాను.

అప్పుడు తల్లి చెప్పులు విడిచి తనే ట్యాంకులో పడుకుంది.

"నాకు పెట్టు మేడమ్."

పెట్టాను. లోపలినుంచి, "సూడు బిడ్డా, మీ అమ్మ ఎట్లున్నది?" అని అడిగింది.

పాప వంగి చూసి పకపకా నవ్వింది. "బోనుల కోతి లెక్కున్నవ్! జరుగు, నేను పండుకుంట."

ఆ రోజు ఎన్నిసార్లు పెట్టించుకుందో!

అసలు స్కాన్ రోజు మిషన్‌లోని అయస్కాంతం లాగుతుందని తల్లి ఒంటిమీది పిన్నీసులన్నీ తీయించి లోపలికి పంపాం. పాప పాదం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను అద్దం ఇవతల కంప్యూటర్ తెర చూస్తూ కూర్చున్నాను. మొదటి బొమ్మ వచ్చింది. వెంట్రుకవాసి చెదరలేదు. తర్వాతదీ అంతే. చివరిదాకా అంతే! అవసరమైతే మత్తు ఇవ్వడానికి సిద్ధంగా వచ్చిన డాక్టరుగారు నా భుజం మీదుగా వంగి, "అద్దం లెక్కున్నది!" అన్నారు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఆయనా కొట్టారు.

మెదడులో గడ్డేమీ లేదని, ఫిట్స్ మందులతో అదుపులోకి వస్తాయని తేలింది. ఆ మాట విని తల్లి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పాప మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి పోత" అని గుంజింది.

తర్వాత వచ్చిన పిల్లల్లో అందరూ కాకపోయినా చాలామంది మత్తు లేకుండానే పడుకున్నారు. కోదాడ ఆసుపత్రివాళ్లు నేర్పమని పిలిస్తే, అక్కడ నా పక్కన నిలబడి పాఠం చెప్పింది మత్తు డాక్టరుగారే.

మొన్న ఆ తల్లి ఫోన్ చేసింది. వెనక మిల్లు హోరు. ఆ హోరును మించి అరిచింది:

"ఫిట్స్ మల్ల రాలే మేడమ్! మందులు ఏస్తున్నం, బడికి పోతుంది!"

వార్డంతా వినపడేలా నేనూ అరిచాను.