మళ్లీ కొట్టిన మేకు

మా చేని గట్టు మీది చింతచెట్టు కొన్నాయన ఎమ్మిగనూరు నుంచి కోత మిషన్ తెచ్చుకున్నాడు. కోసే ముందు గొడ్డలి వెనకవైపుతో మాను చుట్టూ తట్టి, చెవి ఆనించి వినడం ఆయన అలవాటు. మా వైపు దయ్యం పట్టిందంటే దాన్ని కట్టేయడానికి చెట్టుకు మేకు కొడతారు. ఏళ్లు గడిచాక బెరడు ఆ మేకును మింగేస్తుంది. మిషన్ చైను దానికి తగిలితే తెగిపోతుంది.

అంత శ్రద్ధగా విన్నా ఆ రోజు చైను తెగింది.

"ఈ యేడు ఇది మూడోది పెద్దాయనా. ఇంకోటి పోతే మిషన్ అమ్ముకునేదే," అన్నాడు. బెత్తెడు తుప్పు మేకును పెరికి, పారేయకుండా పక్కనున్న వేపచెట్టుకు నడుమెత్తున మళ్లీ కొట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "దయ్యం ల్యాదు, గియ్యం ల్యాదు. రేపు ఆ యాపసెట్టు కోసేదీ నువ్వే గదప్పా?"

"నేనే. ఎవురి బాధనో దీంట్లో కట్టేసినారు. ఇడిపిచ్చేకి నేనెవురు?"

పోయిన నెల ఆ వేపను కూడా ఆయనే కొన్నాడు. ఆదోని కట్టెల అడితిలో బాగా తూగేది మొదలే. అయినా మేకుకు పైన కోసుకుని, మొదలంతా వదిలేసి పోయాడు. అది తెలివితక్కువతనమో, మంచితనమో నాకు ఇప్పటికీ తేలలేదు.

నిన్న ఆ మేకు పెరికేద్దామని పట్టకారు తీసుకుని పోయాను. మేకుకు పట్టకారు పట్టించి కూడా, పెరక్కుండానే తిరిగి వచ్చాను.