నిలదీసే ఆయమ్మ

ప్రసూతి వార్డు గుమ్మంలో స్టూలేసుకుని కూర్చునే ఆయమ్మకు నర్సులు పెట్టిన పేరు అడ్డగేటు. మనిషి పిట్టంత, గొంతు కొండంత. కొత్త ముఖం కనబడితే చాలు, కొంగు నడుముకు బిగించి, చెయ్యి అడ్డం పెట్టి నిలదీస్తుంది. మనిషిని నిలబెట్టి లోపలిది బయటికి తీయడమే నిలదీయడం అని కొత్త ఆయాలకు పాఠం చెబుతుంది. ఈ పట్టుదల పుట్టుకతో వచ్చింది కాదు. వెనకటికి ఒక పెద్దమనిషిని సంచిలో ఏముందని అడగడానికి మొహమాటపడింది. అందులో పోయింది ఎవరి కడుపుపంటో!

మొన్న మధ్యాహ్నం ఒక కుర్రాడు తువ్వాలు మూటను గుండెకు అదుముకుని, తల వంచుకుని చరచరా బయటికి పోతున్నాడు. ఆయమ్మ చొక్కా పట్టుకుంది.

"ఆగరా! ఎవరి బిడ్డనెత్తుకుపోతున్నావ్?"

జనం మూగారు. "నాలుగు తగిలించండి వెధవకి," అన్నాడొకడు. ఆయమ్మ తువ్వాలు లాగింది. పసిముఖం నీలంగా ఉంది.

"నా బిడ్డేనమ్మా," అన్నాడు కుర్రాడు గొణుగుతూ. "పొద్దున పోయింది. వాళ్లమ్మకింకా చెప్పలేదు. అరవకమ్మా, నీకు దణ్ణం పెడతా."

అప్పటికే లోపలి మంచం మీద ఒక బాలింత గోడ పట్టుకుని లేచి కూర్చుంది. "ఎవరి బిడ్డ, ఆయమ్మా?" అంది. ఆ గొంతు వినగానే కుర్రాడు కళ్లు మూసుకున్నాడు. ఆయమ్మ తువ్వాలు అంచును మళ్లీ పసిముఖం మీదికి లాగింది.