నాయన కడుపు మీద నేనాడిన బేరం

చిత్తూరు బజారులో మాది బట్టల అంగడి. ఒకచోట చెప్పిన ధర ఇంకోచోట బయటపెట్టకూడదన్నది మా ఇంటి చదువు. తొంభైల చివర్లో నాయనకు కడుపులో క్యాన్సరని ఊళ్ళో డాక్టరు చెప్తే, నేను ఆ చదువే వాడాను. రిపోర్టు సంచి అడుగున దాచి, నెల రోజులు ఆలోచించి, నాయనను తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్ళి, అక్కడి డాక్టరమ్మతో ఉత్త కడుపునొప్పి అన్నాను. రెండు నోళ్ళూ ఒకే మాట చెప్తేనే నమ్ముదామని. పాపం నాయన, కడుపు లోపల చూసే గొట్టం రెండోసారి మింగాడు.

డాక్టరమ్మ కూడా క్యాన్సరే అంది. పాకకముందే ముప్పావు కడుపు తీసెయ్యాలంది.

"సగం తీస్తే సాలదా మేడమ్?"

ఆమె నవ్వలేదు. కాగితం మీద గుండ్రాలు గీసింది. కడుపు పొరలో పనైపోయిన కణాలకు తమంతట తామే చావమని సంకేతం అందుతుందట. అట్లా చెప్పేవాటిలో టీజీఎఫ్-బీటా ఒకటి, అదొక పెరుగుదల కారకం. క్యాన్సరు కణాలు చాలావరకు ఆ మాట వినవు. గాజు పళ్ళెంలో పెంచి అది పోస్తే మాత్రం కొన్ని చస్తాయట.

రెండువైపులా మాట్లాడే దళారులను చూసినవాణ్ణి, నాకు అనుమానమొచ్చింది.

"పెరిగేదానికంటిరి, సంపతాదంటిరి. ఏంది మేడమ్ ఇది?"

"ఆ పేరు మొదట్లో పెట్టింది. ఏ కణమనే దాన్నిబట్టి దాని పని మారతాది."

"అట్లయితే కోసేదెందుకు? అదే ఎక్కించండి."

ఇప్పుడు ఏదో ఖరీదైన సీసా బయటికొస్తుందని కాచుకున్నాను.

"అట్లాంటి మందు లేదప్పా. ముదిరిన గడ్డకు అదే బలమియ్యొచ్చు గూడా."

సరుకు లేదని ఒప్పుకునే అంగడిని నేనంతవరకు చూడలేదు. సిగ్గుపడుతూ పాత రిపోర్టు తీసి ముందు పెట్టాను. ఆమె తేదీ చూసింది.

"నెలనాటిది! ముందే సూపిస్తే ఆయనకు రెండో గొట్టం తప్పేది గదా?"

"మీరేమంటారో సూద్దామని..."

బల్ల మీద కూర్చున్న నాయన లేచాడు.

"నన్నెవురూ అడగరా? కడుపు నాది గదా. కోసెయ్ తల్లీ. వీడు బేరంలో పడితే పొద్దు గూకతాది."

ఆమె ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. చదువుదామని నేను చెయ్యి చాపితే, నాయన ఆ చేతి మీద ఒకటేసి, సంతకం పెట్టాడు.