దూరపు చుట్టాల చీర

యాభై ఏళ్ల అక్కాతమ్ముళ్ల అనుబంధాన్ని మూడు రోజుల్లో కూలగొట్టబోయిన ఘనత నాది. మధ్యలో పొలం గట్టు తగాదా లేదు, చాడీలు చెప్పినవాళ్లు లేరు. నేను నాలుగు వరుసల కోడ్ రాయడానికి బద్ధకించాను, అంతే. చేసిన పనులకు జనం లెంపలు వేసుకుంటారు. చేయని పనికి ఇన్నేళ్లుగా లెంపలు వేసుకుంటున్నవాణ్ని నన్నొక్కణ్నే చూస్తారు మీరు.

అది 2013. సూర్యాపేట అప్పటికింకా జిల్లా కాలేదు. నేను మాత్రం హైదరాబాదులో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, ఊరికి ఇంటర్నెట్‌ను భుజాన మోసుకొచ్చిన భగీరథుడిలా తిరిగేవాణ్ని. మెడలో ఎప్పుడూ పెన్‌డ్రైవ్ వేలాడుతుండేది. అందులో ఏముండేదని అడక్కండి. పాటలుండేవి.

సోమయ్య సేటుకు సూర్యాపేటలో పెద్ద చీరల దుకాణం, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి ఉండేవి. మూడింటి సరుకూ ఒకచోట కనపడాలని, జనం ఫోన్లో చూసి ఆర్డర్ పెట్టాలని ఆయన కోరిక. ఆ పని నాకు అప్పగించి నన్ను "ఇంజినీర్ సాబ్" అని పిలిచేవాడు. నేను ఇంజినీరును కానని చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ కథలో నా మొదటి తప్పు అదే, కాని తరువాతివాటి పక్కన అది పాలు తాగే పసిబిడ్డ.

సేటుకు ఒక అలవాటుండేది. ప్రతి చీరకు కట్టిన చీటీ వెనక పెన్సిలుతో దాని జాతకం రాసేవాడు. అది కొనేవాళ్ల కోసం కాదు, అమ్మే గుమాస్తాల కోసం. "ఫొటోల మంచిగుంటది, కడ్తె బరువు" అని ఒకదాని వెనక. "మొదటి ఉతుకుకు రంగు దిగుతది, చెప్పి అమ్మాలె" అని ఇంకోదాని వెనక. ఏళ్ల తరబడి కదలని చీరల వెనక మాత్రం ఒకటే ముక్క ఉండేది: "ఎవ్వలు మెచ్చరు. పెట్టుడుకు పనికొస్తది. దూరపు సుట్టాలకు."

పెట్టుడు చీర సంగతి మీకు నేను చెప్పాలా? పెళ్లిలో బొట్టుపెట్టి చుట్టాల చేతిలో పెట్టేది. దాన్ని ఎవరూ కట్టుకోరు. పుచ్చుకున్నవాళ్లు బీరువాలో దాచి, వచ్చే పెళ్లిలో ఇంకొకరి చేతిలో పెడతారు. అలా నాలుగైదు పెళ్లిళ్లు తిరిగి, మడత నలక్కుండా బయల్దేరిన ఇంటికే చేరిన చీరను నేను కళ్లారా చూశాను. మా ఇంట్లోనే.

సేటు ఆ జాతకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించమన్నాడు. కోదాడ, మిర్యాలగూడ దుకాణాలవాళ్లకు రోజూ ఫోన్లో చెప్పలేక గొంతు పోతోందట. చీర పేరు, రంగు, ధర, ఎన్ని ఉన్నాయి అనే నాలుగు గళ్ల పక్కన "గమనిక" అని ఐదో గడి పెట్టి అన్నీ ఎక్కించాను. ఆ వివరాలు అడిగినవాళ్లకు అందించడానికి ఒక ఏపీఐ రాశాను. అంటే హోటల్లో వంటగదికీ హాలుకూ మధ్య ఉండే కిటికీ లాంటిదన్నమాట. ఇటునుంచి అడిగితే అటునుంచి ప్లేటు వస్తుంది. ఎవరు అడిగారో చూసి, వాళ్లకు తగ్గదే ప్లేటులో పెట్టాలి. నా కిటికీ మాత్రం ఎవరు అడిగినా ప్లేటుతోపాటు వంటవాడు తిట్టుకున్న తిట్లు కూడా పంపేది.

మరి వెబ్‌సైటులో గమనిక కనపడేది కాదే అంటారా? అక్కడ దాన్ని చూపించకుండా దాచాను. వచ్చేది వస్తూనే ఉంది, పేజీ మీద కనపడదంతే. కనపడనిది లేనట్టే అనేది అప్పటి నా సిద్ధాంతం. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి నేను గురువుగారిని.

కొన్నాళ్లకు కోదాడ దుకాణం చూసుకునే ప్రసాద్ గారు అక్కడి కాలేజీ లెక్చరరు ఒకాయనతో, కొనేవాళ్లు ఫోన్లో చూసుకునేలా యాప్ చేయించారు. ఒకరోజు నేను బస్టాండు ఎదుట మిర్చిబజ్జీ నములుతుండగా ఆ లెక్చరరు నుంచి ఫోనొచ్చింది.

"తమ్ముడూ, మీ దగ్గర్నుంచి గమనిక అని ఒకటి వస్తుంది. అది కూడా చూపించమంటావా?"

బజ్జీ కాలుతోంది. నోట్లో ఉన్నదాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ అన్నాను. "వచ్చిందంతా చూపించండి సార్."

ఇంకొక్క నిమిషం ఆగి "అందులో ఏముంది?" అని అడిగి ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది. అడగలేదు. బజ్జీ బాగుంది.

రాఖీ పండగ వచ్చింది. సేటుకు తోడబుట్టింది ఒక్క అక్క, మోతె అనే పల్లెలో ఉండే ఎల్లమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ని ఆమే సాకింది. తన గొర్ల మంద అమ్మి అతనికి మొదటి దుకాణం పెట్టించింది. ఏటా రాఖీనాడు దుకాణానికే వచ్చి, గల్లా ముందు నిలబెట్టి కట్టేది. ఆ ఏడూ కట్టింది. సేటు లోపలికెళ్లి ముదురు వక్కరంగు చీర తెచ్చి ఇచ్చి కాళ్లకు మొక్కాడు. ఆమె మురిసిపోతూ కోదాడలో ఉన్న కొడుకు ఇంటికి బస్సెక్కింది.

మూడో రోజు పొద్దున నేను గల్లా పక్కన కంప్యూటర్ ముందు ఉన్నాను. గిరాకీ మంచి ఊపులో ఉండగా ఎల్లమ్మ దిగింది, వెనక కోడలు. చీర సంచి గల్లా మీద పెట్టింది.

"దూరపు సుట్టాలొచ్చినం తమ్మీ. జర చాయ్ పోస్తవా?"

సేటుకు అర్థం కాలేదు. కోడలు ఫోను ముందుకు చాపింది. అత్తకు వచ్చిన చీర ఎంత చేస్తుందో చూద్దామని యాప్ తెరిచిందట. అత్తకు తమ్ముడు పెట్టిన చీర ధర చూడని కోడలు ఏ జిల్లాలో ఉంటుంది చెప్పండి. ధర కింద, తప్పుల్లేకుండా, సేటు సొంత మాటలున్నాయి: ఎవ్వలు మెచ్చరు, పెట్టుడుకు పనికొస్తది, దూరపు సుట్టాలకు.

ఇంటి గుట్టు లంకకు చేటంటారు. దుకాణం గుట్టు రాఖీకి చేటని ఆ రోజు తెలిసింది. గుమాస్తాలు కొలిచిన జాకెట్టు గుడ్డనే మళ్లీ మళ్లీ కొలుస్తూ తలెత్తలేదు.

ఎల్లమ్మ తమ్ముడి చేతికేసి చూసింది. గొంతు పెంచలేదు. "గా రాఖీ ఇప్పి ఇయ్యి. దగ్గరోళ్లు ఎవలన్న ఉంటె కడ్తరు."

సేటు ఇంకో చేత్తో రాఖీని గట్టిగా పట్టుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, మూడు దుకాణాల యజమాని, బలపం లాక్కుంటారని భయపడే పిల్లాడిలా. తరువాత నా వైపు తిరిగాడు.

"అవి లోపలి మాటలు గదనయ్యా. బయటికెట్ల పోయినయ్?"

నేను ముందు నెట్‌వర్క్ అన్నాను. తరువాత కోదాడ యాప్ అన్నాను. కరెంటు మీదికి కూడా తోసేవాణ్నేమో, ఇంతలో ఆయన ఇంకా రాఖీని వదల్లేదని కనపడింది. అప్పుడు ఒప్పుకున్నాను. "తప్పు నాదే సేటూ. ఎవరికి ఏది పంపాలో చూడకుండ అందరికీ అన్నీ పంపిన."

"పంపింది నువ్వే బిడ్డా, రాసింది ఎవలు?" అంది ఎల్లమ్మ.

సేటు తల దించుకుని అన్నాడు. "నేనే రాసిన. గా వక్కరంగు ఎవ్వలు మెచ్చరక్కా, మూడేండ్ల సంది చూస్తున్న. నువ్వొక్కదానివే మెచ్చుతవ్. మన అమ్మ కట్టేది గసొంటిదే అని నువ్వే అంటివి గద. గందుకే ఏరి తీసిన."

ఎల్లమ్మ సంచిలోంచి కొంగు అంచు కొద్దిగా లాగి, వేళ్ల మధ్య నలిపి చూసింది. "అయితె గది గూడ రాయాలె గద," అంది.

చాయ్ వచ్చింది. నేను ఆ పూటంతా కూర్చుని, ఏడాది కింద రాయాల్సిన నాలుగు వరుసలు రాశాను. ఇకమీదట అడిగేవాళ్లు ముందు తామెవరో చెప్పాలి. కొనే గిరాకీకి నాలుగు గళ్లు, దుకాణాలకు ఐదు. కోడలి ఫోన్లో చూపించాను. గమనిక మాయమైంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, ఎల్లమ్మ తప్ప.

"నాకు కనబడాలె," అంది.

"నీకెందుకక్కా?"

"నా చీరల మీద ఏం రాస్తవో నాకు తెల్వొద్దా?"

సేటు మణికట్టు మీది రాఖీని చూసుకుని, నన్ను చూశాడు. "ఇయ్యి," అన్నాడు. గిరాకీ, దుకాణం అనే రెండు వర్గాల కింద మూడోది చేర్చి దానికి "అక్క" అని పేరు పెట్టాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, చీర సంచి చంకన పెట్టుకుని బస్సెక్కింది.

పది రోజులు కాకముందే మోతె నుంచి ఆడవాళ్లు ట్రాలీ ఆటోలో దిగారు. ఒకామె నీలం చీర పక్కకు నెట్టి, మొదటి ఉతుకుకు రంగు దిగేది వద్దంది. ఇంకొకామె ఫొటోలో బాగుండి కడితే బరువుండేది తన బిడ్డకు వద్దంది. పెళ్లిపెద్ద ఒకామె గల్లా దగ్గరికే వచ్చి, దూరపు చుట్టాలకు ఇరవై చీరలు కావాలని, ఎవ్వరూ మెచ్చనివే చూసి కట్టమని చెప్పింది. మూడేళ్లుగా కదలని సరుకు మధ్యాహ్నానికి ఖాళీ.

సేటు నన్ను పిలిపించాడు. "మల్ల లీకైందా?"

ఎవరెప్పుడు ఏం తెరిచారో కంప్యూటర్ రాసుకునే రికార్డు మొత్తం వెతికాను. నా కిటికీ గట్టిగానే ఉంది. సంబంధంలేని పురుగు కూడా దూరలేదు. ఆ పది రోజుల్లో గమనికలన్నీ తెరిచి చదివింది ఒక్క మనిషి. పేరు చోట "అక్క" అని ఉంది.

సేటు రికార్డు చూశాడు, ఖాళీ అయిన అలమరలు చూశాడు. "ఉండనియ్యి," అన్నాడు.

అందుచేత, కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి, ఎడమచేత్తో చెవి పట్టుకుని మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. కనపడనిది లేనట్టేనని ఇక జన్మలో అనను. వేడి బజ్జీ నోట్లో ఉండగా ఎవరికీ అనుమతి ఇవ్వను. ఏ గడినైనా ఎవరికైనా తెరిచేముందు వారి పేరు, హోదా, పాస్‌వర్డ్ అడిగి, ఆఖరున తప్పనిసరిగా ఇంకొక్క ప్రశ్న అడుగుతాను: "అమ్మా, మీకు మోతెలో చుట్టాలెంతమంది?"