ఎర్ర పువ్వుల కార్డు

నిన్న పొద్దున బెండకాయలు తరుగుతుంటే తొడిమ దగ్గర కోసిన ముక్క ఒకటి జారి పక్కనున్న కరెంటు బిల్లు మీద పడింది. తీసి చూస్తే అయిదు రేకల పువ్వు తడిగా అచ్చుపడి ఉంది. అది ఆరిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను. కూర ఆలస్యమైందని ఇంట్లోవాళ్లు వింతగా చూశారు. నా చేతిలో పని ఆగడం వాళ్లు ఎరగరు.

అప్పట్లో మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. మా ఆయనకు పోర్టులో పని. కూర్మన్నపాలెం వైపు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మా చెల్లెలి మొగుడు ఆ కట్టుబడి పనిలో ఉండేవాడు. వానాకాలంలో కామెర్లొచ్చి పోయాడు. చెల్లెలికి అప్పటికి పాతికేళ్లు. అత్తగారి దగ్గరే ఉండిపోయింది. కొత్త సంవత్సరానికి పిన్నికి గ్రీటింగ్ కార్డు చేస్తానని మా అమ్మాయి రంగుల పెట్టె కొనమంది. మూడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, పొదుపులో నాకు పాఠం చెప్పేవాళ్లు లేరు. "రంగులు కొనడమేటి? ఇంట్లో పసుపు నేదా, కుంకం నేదా?" అన్నాను. పాత శుభలేఖ వెనకవైపు తెల్లగా ఉంటే అది కత్తిరించి ఇచ్చాను. ఇత్తడి భరిణె మూత మీద ఉబ్బెత్తుగా తామరపువ్వుంటే, దానిపై అట్టను కాస్త తడిపి పరిచి, చెంచా వెనకతో రుద్దితే పువ్వు పైకి లేచింది. చుట్టూ గంజిలో కలిపిన కుంకంతో బెండకాయ అచ్చులు వేసింది పిల్ల. ఖర్చు తప్పిందన్న సంబరంలో ఆ ఎరుపు నాకు రంగుగానే కనిపించింది. మొగుడు పోయిన మనిషికి కుంకం పట్టుకెళ్తున్నానని తట్టనే లేదు.

బస్సు దిగి వెళ్లి ఇచ్చాం. గంజి ఎండిపోయి, చెల్లెలు కార్డు విప్పగానే ఎర్రటి పొడి దాని వేళ్లకు అంటింది. అత్తగారు చూసింది. "పిల్లకంటే తెలీదు. నీకూ తెలీదేటమ్మా?" అంది నాతో. నేల చీలితే బావుండుననిపించింది. కార్డు లాక్కోబోయాను. చెల్లెలు ఇవ్వలేదు.

"పువ్వులు దేంతో ఏసినావే?" అని పిల్లనడిగింది.

"బెండకాయల్తో, పిన్నీ."

"ఓలమ్మ, కూరకి కొన్న కాయలు మీ అమ్మ ఇచ్చిందేటి?"

"తొడిమ ముక్కలు కోసిచ్చీసి, మిగతాది పులుసులో ఏసీసింది."

ఆ వానాకాలం తర్వాత మా చెల్లెలు నవ్వడం అదే చూశాను. అత్తగారు విసురుగా లోపలికెళ్లిపోయింది. చెల్లెలు సాగనంపడానికి వీధి దాకా వచ్చి, వేళ్లు తుడుచుకోకుండానే, "అక్కా, వచ్చే ఏడు కూడా ఎర్రవే ఎయ్యమను" అంది మెల్లగా.

పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కేశాను. ఏడాది పొడుగునా ఆ అత్తగారి మాటే చెవిలో మోగింది. మళ్లీ కొత్త సంవత్సరం వచ్చేసరికి, అడక్కుండానే గాజువాకలో నీలం రంగు కొన్నాను. పిల్ల ఎరుపు కావాలని మారాం చేస్తే వీపున ఒకటి అంటించాను కూడా. చెల్లెలు ఆ నీలం పువ్వుల మీద వేలితో ఒకసారి రాసింది. వేలు చూసుకుంది. వేలికి రంగేమీ అంటలేదు. "బావుందక్కా" అని మడిచి గూట్లో పెట్టేసింది. ఆ తర్వాత అది నన్ను ఏదీ అడగలేదు.

ఎర్ర పువ్వులు పట్టుకెళ్లినందుకు సిగ్గుపడ్డాను గానీ, ఆ సిగ్గు ఎప్పుడో పోయింది. నీలం పువ్వులే ఇంకా పోలేదు. మొన్న ఓ పేరంటంలో మా మనవరాలు చెల్లెలికి బొట్టు పెట్టబోయింది. అక్కడున్నవాళ్లెవరూ తప్పు పట్టలేదు. చెల్లెలే నుదురు పక్కకు తిప్పుకుని, "ఇప్పుడెందుకే, పెట్టుకున్నట్టే" అని నవ్వింది. కాలం మారిందంటారు. మారింది, నిజమే. దానికి పాతికేళ్లున్నప్పుడు మాత్రం మారలేదు. అప్పుడు కాలమంటే వేరెవరో కాదు, ఆ అత్తగారూ నేనూ.