చిట్లని గాజులు

గురజాల తాలూకాలో కోతలు కోయడంలో నన్ను మించినవాడు లేడు. థర్డ్ ఫారంలో బడి మానేశాక నాకు చేతినిండా ఉన్న పని అదే. మా ఊరి ఎండకు తట్టుకోలేక చెట్టు కింది నీడ కూడా ఇంట్లోకొచ్చి పడుకుంటుందని దాచేపల్లి వాళ్లను నమ్మించిన ఘనుణ్ని. గాజుల రబియా గురించి కూడా చాలా కోశాను. మణికట్టు పట్టుకుని ఆ పూట ఇంట్లో ఏ కూర వండారో చెబుతుందన్నాను. కళ్లు మూసుకుని చెయ్యి తడిమి అది ఎవరి కూతురి చెయ్యో, ఎవరి కోడలి చెయ్యో చెబుతుందన్నాను. రెండోది నిజం, దాన్ని ఎవరూ నమ్మలేదు. మొదటిది అబద్ధం, అందరూ నమ్మారు.

రబియాది మాచర్ల. మొగుడు పోయాక గురజాలలో అక్క పంచన చేరి గాజుల మలారం భుజాన వేసుకుంది. తాళ్లకు గుచ్చిన గాజుల మోపు అది. మనిషి కంటే ముందు దాని గలగల వీధి మలుపు తిరిగేది. పన్నెండు ఊళ్లు కాలినడకన తిరిగేది. మా నాన్న గోపాలకృష్ణయ్యను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది.

గాజులు తొడగడం దగ్గరుండి చూడని మగాళ్ల కోసం చెబుతున్నాను. చేతిని ఒడిలోకి లాక్కుని, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపులు నొక్కుతూ గాజు ఎక్కించాలి. ఆడపిల్ల ఊరుకోదు. అబ్బా అంటుంది, చెయ్యి గుంజుకుంటుంది, ఈ రంగు కాదు ఆ రంగు అంటుంది. ఆ గుంజులాటలో డజనుకు రెండో మూడో చిట్లుతాయి. మెత్తగా చెయ్యి ఇచ్చే పిల్ల దొరికితే గాజులామెకు పండగే.

యాభై ఏడులో దాచేపల్లి దగ్గర ఒక ఊళ్లో, లీలావతి అనే పదహారేళ్ల పిల్ల అలా చెయ్యి ఇచ్చింది. బిగుతు సైజు, రెండు డజన్లు, ఒక్కటీ చిట్లలేదు. రంగు అడిగితే ఏదైనా సరే అంది. రబియా మురిసిపోయి, ఇలాంటి చెయ్యి వెయ్యిమందిలో ఒకరికి ఉంటుందని, పిల్ల బుద్ధిమంతురాలని వాళ్లమ్మతో చెప్పింది. నిజమేనంది ఆ తల్లి. ఈ మధ్య ఎదురు చెప్పడం మానిందట, పక్కింటికి పోవడం మానిందట, అన్నం కూడా పెడితేనే తింటుందట. ఇద్దరూ ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మెచ్చుకున్నారు. ఎనిమిదో రోజున లీలావతి నాపరాళ్ల గని గుంటలో తేలింది. రబియా పరుగెత్తుకుని పోయేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. చేతులకు రెండు డజన్లూ అలాగే ఉన్నాయి.

దయ్యాల కథలు నేను వంద చెప్పగలను. నా దయ్యాలన్నీ తెల్లచీర కడతాయి, పాదాలు వెనక్కి ఉంటాయి. రబియాను పట్టుకున్నది అలాంటిది కాదు. ఆ తర్వాత ఏ పిల్ల చెయ్యి పట్టుకున్నా ముందుగా లీలావతి చెయ్యే తగిలేదట, తడిపిన గుడ్డలాగా బరువుగా. అది తొలగేదాకా ఆగేది. ఆగి, ఈ పిల్ల చెయ్యి తన చేతిని తిరిగి పట్టుకుంటుందో లేదో చూసుకుని, అప్పుడు గాజు తీసేది. ముసలిదైపోయింది, పని నెమ్మదించింది అని ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. సరుకు కోసం నరసరావుపేట పోయినప్పుడు, ఒక్క కాంపౌండరు భార్యకు మాత్రం చెప్పింది. లీలావతికి వచ్చింది కూడా రోగమేనని, దానికి గుంటూరులో ఒక డాక్టరు ఉన్నాడని ఆవిడ మొగుడి చేత అడ్రసు రాయించి ఇచ్చింది. చదువు రాని రబియా ఆ కాగితాన్ని మలారం గుడ్డలో మడిచి, ఆరేళ్లు ఊరూరా మోసింది.

అరవై మూడులో మా చెల్లెలు సుభాషిణికి పదిహేనేళ్లు. గురజాల హైస్కూల్లో లెక్కల్లో ఫస్టు. నేను కోత కోస్తే అక్కడికక్కడే మైళ్లు, గంటలు లెక్కకట్టి నా పరువు తీసేది. ఆ వేసవి నుంచి లెక్క కట్టడం మానేసింది. బడికి పోయేది, వచ్చేది, గోడకు ఆనుకుని కూర్చునేది. కంచంలో అన్నం కెలికి లేచేది. కోడి కూయకముందే లేచి ఉంటే పరీక్షలకు చదువుతోందని మా అమ్మ శేషారత్నం సంబరపడింది. పెద్దరికం వచ్చిందని నాన్న అన్నాడు. తన పెన్ను, రిబ్బన్లు పక్కింటి నిర్మలకు ఇచ్చేస్తే మాది దానగుణం గల వంశమని నేను ఊరంతా చాటాను. ఇంట్లో మౌనస్వామి వెలిశాడని ఏడిపించాను. బడి మూడు మైళ్లు. దోవలో తోడు నేనే. ఆ మూడు మైళ్లూ నా కోతలే.

శ్రావణ శుక్రవారం నాడు రబియా మా వసారాలో మలారం దించింది. సుభాషిణి చెయ్యి ఒడిలోకి తీసుకుంది. గాజు చేతికి ఎక్కించబోయి ఆగింది. చాలాసేపు ఆగింది. ఏందత్తా, మా ఇంటి కూర అంతు చిక్కలేదా అన్నాను నేను అరుగు మీది నుంచి. నా వైపు చూడకుండా గాజును తిరిగి తాడుకు గుచ్చేసింది.

"అమ్మాయ్, సచ్చిపోవాలనుందా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏంది రబియా ఆ మాటలు? పండగ పూట మా ఇంట్లో కూచొని."

రబియా చెయ్యి వదలలేదు. ఎరుపా నీలమా అని అడిగే గొంతుతోనే మళ్లీ అడిగింది.

"ఉంది," అంది సుభాషిణి.

"ఎప్పటినించి?"

"ఎండాకాలం నించి."

"యాడ అనుకున్నావు తల్లీ?"

"గని గుంట కాడ. బడికి పోయే దోవే గదా."

మా ఊరి గని గుంట ఆ దోవ పక్కనే ఉంటుంది. ఆ వారంలో నాలుగు రోజులు నేను దాని గట్టు మీదుగానే చెల్లెలితో నడిచాను. అక్కడికి రాగానే ఆమె నడక నెమ్మదించేది. నా కథ వినడానికేనని మురిసిపోయి గొంతు పెంచాను. ఇప్పటికీ ఆ గట్టు మీద నడిస్తే నా గొంతు నాకే వినిపిస్తుంది.

పొలం నుంచి వచ్చిన నాన్నకు సంగతి తెలిసింది. గాలి సోకి ఉంటుంది, తాయెత్తు కట్టిద్దామన్నాడు. రబియా చెప్పిన గుంటూరు డాక్టరంటే పిచ్చిదని పేరు పడుతుంది, రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడన్నాడు. తాయెత్తు కట్టించమంది రబియా. తాను కూడా దర్గాలో ఒకటి కట్టిస్తానంది, కానీ రెండూ కట్టుకునే బండెక్కాలంది. ఇంత పట్టుదల నీకెందుకమ్మా అని నాన్న కసిరాడు.

అప్పుడు లీలావతి పేరు మొదటిసారి ఆమె నోట విన్నాం. కథంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

"ఆ పిల్ల చెయ్యి బాగుందని నేను మెచ్చుకున్నానన్నా," అంది చివర్లో.

నాన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుంటూరు బండి ఎన్నింటికని అడిగాడు.

మర్నాడు బండి ఎక్కేదాకా రబియా మా ఇల్లు కదల్లేదు. పొలం మందు డబ్బా ఇంట్లోంచి బయటికి పంపించింది. నూతి గిలక తాడు విప్పించింది. సుభాషిణి ఎక్కడుంటే అక్కడ కూర్చుంది. ఒంటరిగా వదలొద్దని మాకు పదిసార్లు చెప్పింది. మలారంలోంచి కాగితం తీసి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి ఉంది. బడి మానేసిన నేను చదివిన చదువంతా ఆ నాలుగు పంక్తులకు సరిగ్గా సరిపోయింది.

నడికుడిలో బండెక్కి గుంటూరు చేరాం. డాక్టరు మమ్మల్ని బయటికి పంపి, చెల్లెలితో గంటసేపు మాట్లాడాడు. తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఇది జబ్బు, బద్ధకమూ కాదు, పొగరూ కాదు, ఎవరి తప్పూ కాదు అన్నాడు. మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుందని, అందాకా కంట కనిపెట్టి ఉండమని, పదిహేను రోజులకోసారి తీసుకురమ్మని చెప్పాడు. తగ్గాక కూడా మళ్లీ రావచ్చు, వస్తే దాచొద్దని సుభాషిణితో అన్నాడు. ఏడిపించడం కొన్నాళ్లు ఆపమని నాతో అన్నాడు.

మొదటి నెల ఏ మార్పూ లేదు. గుంటూరు పిల్ల అని ఊరు పేరు పెట్టింది. అమ్మ రోజూ ఏడ్చేది. రబియా తన దోవ కాకపోయినా మూడు రోజులకోసారి వచ్చి పక్కన కూర్చుని పోయేది, గాజుల ఊసే ఎత్తేది కాదు. కార్తీకంలో ఒకరోజు నేను భుజాన గేదెపెయ్యను వేసుకుని కృష్ణ ఈదానని పొరుగువాళ్లకు చెబుతున్నాను. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"నీకు ఈత రాదు గదన్నా."

నన్ను చాలామంది అబద్ధాలకోరు అన్నారు. అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ ఏడాది చదువు పోయింది. మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయింది.

ఇక ఆ లీలావతి నిన్ను వదిలి ఉంటుందిలే అత్తా అని ఒకసారి ధైర్యం చేసి అన్నాను. రబియా నవ్వలేదు. "పోలేదురా. పోవద్దని నేనే అడుగుతున్నా," అంది.

అరవై ఆరు ఎండాకాలంలో నేను అరుగు మీద ఉండగా సుభాషిణి వచ్చి పక్కన నిలబడింది. ముందురోజు కడుపునిండా తింది, నాతో వాదించింది. మా ఎవరికీ ఏ తేడా కనిపించలేదు.

"అన్నా, మళ్లీ వస్తావుంది. నాకు తెలుస్తానే ఉంది. రేపు బండికి పోదాం."

నేను గురజాల పరుగెత్తాను. రబియా ఒక పెళ్లింట్లో అరడజను ఆడవాళ్ల మధ్య కూర్చుని గాజులు తొడుగుతోంది. వంగి చెవిలో సంగతి చెప్పాను. ఎవరు కనిపెట్టారని అడిగింది. ఎవరూ కాదు, తనే వచ్చి చెప్పిందన్నాను.

రబియా పట్టుకున్న చేతిని మెల్లగా దించింది. మలారం ఆ పెళ్లింటి వాళ్లకు అప్పగించి, చెప్పులేసుకుని నాకంటే ముందు నడిచింది.